సాదా చీరకైనా అంచు ఉంటుంది

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ వ్యాసం నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలవుతుంది.

మాది పొదిలి. ఒంగోలులో బస్సెక్కి, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు దాటుకుని ఇంకాస్త లోపలికొస్తే తగులుతుంది. పొగాకు వేలం, మిరప, కంది, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు... మా ఊరి పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేవి ఇవే. 'పొదిలి', 'ఫ్యాషన్' అనే రెండు మాటలు ఒకే వాక్యంలో పెడితే మా హాస్టల్లో అందరూ నవ్వారు. మీరూ నవ్వుకోండి, పర్లేదు.

మా పెదనాన్నకి అక్కడ ఒక బట్టల కొట్టు ఉంది. పాతికేళ్ల నాటిది. పెదనాన్న కూతురు, అంటే మా అక్క, డిగ్రీ అయ్యాక ఆ కొట్టు పక్కనే ఇంకో చిన్న పని మొదలుపెట్టింది. చీరాల, మంగళగిరి నుంచి నేత చీరలు, నేత గుడ్డ తెప్పించి, కొన్ని చీరలుగా, కొన్ని కుర్తాలుగా కుట్టించి తన సొంత పేరు మీద ఆన్‌లైన్లో అమ్ముతుంది. పెద్ద కంపెనీ ఏం కాదు. అక్క, ఒక టైలరు, ఒక ఫోను. కానీ అది బ్రాండే. దానికో లోగో ఉంది, వెబ్‌సైటు ఉంది.

ఆ వెబ్‌సైటు చూస్తే మీకు కళ్లు తిరుగుతాయి. పైన ఎర్ర పట్టీలో 'పండగ ఆఫర్' అని అక్షరాలు పరిగెత్తుతుంటాయి. తెరవగానే ఒక పాప్-అప్, అది మూసేలోపు ఇంకోటి. ఒకే పేజీలో ఆరు రంగులు, నాలుగు ఫాంట్లు. మూల మీద దీపం గిర్రున తిరుగుతుంటుంది. ఆ దీపం దీపావళికి పెట్టారట, తియ్యడం మర్చిపోయారు.

సెకండియర్ అయిపోయిన సెలవులు. అప్పుడే యూఐ డిజైన్ కోర్సు ఒకటి పూర్తి చేసి ఉన్నాను. సర్టిఫికెట్ లింక్డిన్‌లో పెట్టి, వచ్చిన లైకులు లెక్కపెట్టుకుంటున్న రోజులు. "అక్కా, ఇది నాకు వదిలెయ్. మినిమలిస్ట్‌గా చేస్తా" అన్నాను.

"అంటే ఏందిరా?"

"అనవసరమైంది ఏదీ ఉండదు."

"సరే కానియ్" అంది.

పది రోజులు కూర్చుని చేశాను. తెల్లటి పేజీ. నడి మధ్యలో ఒకే ఒక్క ఫోటో, స్క్రీను నిండా. కింద సన్నటి బూడిద రంగు అక్షరాల్లో చీర పేరు. మెనూ మొత్తం మూలన మూడు గీతల వెనక దాచేశాను. ధర చూడాలంటే ఫోటో మీద నొక్కాలి. ఫోన్ నంబరు కావాలంటే అట్టడుగుకి వెళ్లాలి. స్క్రీన్‌షాట్లు తీసి మా క్లాస్ గ్రూపులో పెడితే "మామా, ఫారిన్ బ్రాండ్‌లా ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటకి నా పది రోజుల కష్టం తీరిపోయింది.

రెండు వారాలు తిరక్కముందే అక్క ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. ఆర్డర్లు అనుకునేరు. ప్రశ్నలు. "ఇది ఎంతమ్మా?" "జాకెట్ గుడ్డ వస్తుందా?" "రంగు దిగుతుందా?" "ఇది మగ్గం మీద నేసిందేనా, మరమగ్గానిదా?" పాత సైటులో ఇవన్నీ గందరగోళంగానే అయినా రాసి ఉండేవి. నేను తుడిచేశాను. ఇప్పుడు అక్క ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో టైపు చేసి చెప్పాల్సొస్తోంది. పెదనాన్న ఒకరోజు సాయంత్రం కొట్టు కట్టేస్తూ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చాడు.

"ఏరా, బానే ఉంది గానీ, ఇందులో సరుకేదిరా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నా జవాబు. మూణ్నెల్లు ఆలస్యంగా.

తగ్గించడం అవసరమే

నేను ఇప్పుడు ప్లేటు ఫిరాయించి "మినిమలిజం తప్పు, పరిగెత్తే అక్షరాలే మన సంస్కృతి" అనడం లేదు. ఆ తిరిగే దీపాన్ని తీసేసినందుకు నాకే పశ్చాత్తాపమూ లేదు. వెబ్‌సైటు తేలిగ్గా ఉండాలి అనడానికి ఫ్యాషన్ వ్యాపారంలోనే పెద్ద రుజువు ఉంది.

1999 నవంబరులో లండన్ నుంచి బూ డాట్ కామ్ అనే సైటు మొదలైంది. బట్టలు, బూట్లు ఆన్‌లైన్లో అమ్మడమే వాళ్ల పని. కాలానికి మించిన ఆలోచనలు చాలానే చేశారు. బట్టని అన్ని వైపులా తిప్పి చూడొచ్చు, 'మిస్ బూ' అనే బొమ్మ మనకి సలహాలిస్తుంది. కానీ అప్పటికి ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది 56కే మోడెమ్. పేజీ తెరుచుకోవడానికే నిమిషాలు పట్టేది. సుమారు 13.5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, 2000 మేలో మూసేశారు. అమ్మకం మొదలుపెట్టి ఆర్నెల్లు! మూతపడ్డానికి డబ్బు నిర్వహణ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, కొనడానికొచ్చిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టిన సైటుగా అది చరిత్రలో మిగిలిపోయింది.

ఇప్పుడు 4జీ, 5జీ వచ్చాయి కదా అంటారు. చీమకుర్తి దాటాక బస్సులో ఒకసారి ఫోను తీసి చూడండి, సిగ్నల్ గీతలు ఎలా ఆడుకుంటాయో. మొబైల్లో పేజీ తెరుచుకోవడానికి మూడు సెకన్లు దాటితే 53 శాతం సందర్శనలు అక్కడితో ఆగిపోతున్నాయని గూగుల్ 2016లోనే లెక్క చెప్పింది. ఇవాళ కూడా పేజీలోని ముఖ్యమైన పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనబడితేనే 'బాగుంది' అని మార్కు వేస్తుంది.

ఇక్కడే నా మొదటి తప్పు దొరికింది. నా తెల్ల పేజీని వేగం కొలిచే టూల్‌లో పెట్టి చూశాను. పాత గందరగోళపు పేజీ కంటే నాదే బరువు! ఎందుకంటే ఆ 'ఒకే ఒక్క ఫోటో' కెమెరా నుంచి వచ్చింది వచ్చినట్టే పెట్టాను, మూడు ఎంబీ పైమాటే. దాని వెనక సన్నటి ఇంగ్లిషు ఫాంట్ ఫైళ్లు ఐదు.

ఒక్క లెక్క చేద్దాం. మనం రోజూ వాడే యూటీఎఫ్-8లో ఒక తెలుగు యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు. గుణింతం గుర్తునీ, ఒత్తు కోసం వాడే పొల్లునీ, దాని కింది హల్లునీ విడివిడిగానే లెక్కపెట్టండి, అయినా సరే, మూడు ఎంబీ ఫోటో ఒక్కటి సుమారు పది లక్షల గుర్తులతో సమానం. పది లక్షలు! ఒక లావుపాటి నవల పట్టేస్తుంది. చీర గురించి నాలుగు వాక్యాలు రాస్తే అయ్యే బరువు ఆ ఫోటోలో వెయ్యో వంతు కూడా కాదు. అంటే నేను పేజీలో అతి తేలికైనదాన్ని తీసేసి, అతి బరువైనదాన్ని ఉంచి, దానికి 'మినిమల్' అని పేరు పెట్టుకున్నాను. కంటికి ఖాళీగా కనబడింది కాబట్టి తేలిగ్గా ఉందనుకున్నాను.

పెద్దవాళ్లూ పప్పులో కాలేశారు

మనం ఒక్కళ్లమే కాదు, పెద్ద పెద్దవాళ్లూ తీసెయ్యకూడనిది తీసేసి తిరిగి పెట్టుకున్నారు.

బెంగళూరు మింత్రా కథ మీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి మనం స్కూల్లో ఉన్నాం. 2015 మేలో మింత్రా తన వెబ్‌సైటునే మూసేసింది. కొనాలంటే యాప్ ఉండాల్సిందే. వాళ్ల వైపు నుంచి చూస్తే శుభ్రమైన ఆలోచనే: అందరూ ఫోనుల్లోనే ఉన్నారు, రెండు గుమ్మాలెందుకు, ఒకటి చాలు. కానీ కొనేవాళ్లలో పెద్ద తెర మీద నిదానంగా చూసుకునేవాళ్లున్నారు, ఫోనులో ఇంకో యాప్‌కి చోటు లేనివాళ్లున్నారు. ఏడాది తిరిగేసరికి 2016లో ముందు మొబైల్ సైటు, తర్వాత జూన్‌లో డెస్క్‌టాప్ సైటు మళ్లీ తెరిచారు.

ఇంగ్లండులో మార్క్స్ అండ్ స్పెన్సర్ 2014 ఫిబ్రవరిలో 15 కోట్ల పౌండ్లు పెట్టి కొత్త వెబ్‌సైటు తెచ్చింది. పత్రిక తిరగేసినట్టు అందంగా ఉండాలని వాళ్ల ఉద్దేశం. పాత కస్టమర్లంతా కొత్తగా మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సొచ్చింది, అలవాటైన దారులు మారిపోయాయి. ఆ వేసవి త్రైమాసికంలో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. అందం కొత్తదే గానీ, రోజూ వచ్చేవాళ్లకి తమ కొట్టే కొత్తదైపోయింది.

ఇక లోగోల సంగతి. 2018 చుట్టుపక్కల ఫ్యాషన్ బ్రాండ్లన్నిటికీ ఒకే జ్వరం పట్టుకుంది. పాత వంపులు, కొసలు చెక్కేసి అందరూ ఒకే రకం మొద్దు ఇంగ్లిషు అక్షరాలకి మారారు. బర్బెర్రీ కూడా ఆ ఏడాది మారింది. అక్షరాలు మాత్రమే మిగిలాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏది ఎవరిదో చదివితే గానీ తెలియని పరిస్థితి. 2023లో బర్బెర్రీ మళ్లీ వెనక్కి వెళ్లి, వందేళ్లు దాటిన తన పాత గుర్రపు రౌతు బొమ్మని బయటికి తీసి దుమ్ము దులిపింది. ఇన్నేళ్లూ ఆ గుర్రం చేసిన పని ఏంటో దాన్ని తీసేశాక అర్థమైందన్నమాట.

"కానీ లగ్జరీ బ్రాండ్ల సైట్లలో ఇప్పటికీ ఏమీ ఉండదు కదా, అయినా అమ్ముకుంటున్నాయిగా?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకి ప్రతి పెద్ద ఊళ్లో షోరూమ్ ఉంది, పత్రికల్లో ప్రకటనలున్నాయి, సినిమా తారలున్నారు. సైటు చెప్పని సంగతి ఇంకెక్కడో ఎవరో చెప్పేశారు. ఆ తెల్ల ఖాళీ వెనక కోట్ల రూపాయల పరిచయం ఉంది. పొదిలిలో పుట్టి రెండేళ్లు కూడా నిండని బ్రాండుకి ఆ పరిచయం ఎక్కడిది? దాని గురించి మాట్లాడేది ఆ సైటు ఒక్కటే. దాని నోరు కూడా నేను కట్టేశాను.

తెల్ల దుప్పటి

సెలవుల చివరి వారం నేను చేసిన మంచి పని ఒకటుంది. ల్యాప్‌టాప్ మూసేసి, మూడు రోజులు పెదనాన్న కొట్లో కూర్చున్నాను. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది నా కోర్సులో లేదు.

మన ఊళ్లలో బట్టల కొట్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. కుర్చీలుండవు. నేల మీద పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. కొనేవాళ్లు చెప్పులు విడిచి వచ్చి ఆ దుప్పటి అంచున కూర్చుంటారు. వెనక గోడంతా చీరలే, వేలు. కానీ అన్నీ మడతల్లోనే ఉంటాయి. మనిషి కూర్చోగానే పెదనాన్న అడిగేవి రెండే మాటలు: "ఎవరికమ్మా? ఎంతలో చూపించమంటావ్?"

ఆ రెండు జవాబులతో వేల చీరలు కాస్తా పాతిక అవుతాయి. ఆ పాతికలోంచి ఒక్కోటీ తీసి దుప్పటి మీద విప్పుతాడు. ఒకసారి ఒకటే. నచ్చనిది వెంటనే పక్కకి పోతుంది, నచ్చినవి రెండు మూడు ఎదురుగా ఉంటాయి. తెల్ల దుప్పటి మీద రంగు రంగులా కనబడుతుంది.

అది చూస్తుంటే ఒళ్లు జలదరించింది నాకు. నేను కోర్సులో నేర్చుకున్న మాటలన్నీ అక్కడున్నాయి. తెల్ల నేపథ్యం ఉంది, ఫిల్టర్లు ఉన్నాయి, ఒకసారి ఒకటే చూపించడం ఉంది. మినిమలిజం స్కాండినేవియా నుంచో జపాన్ నుంచో రావాల్సిన పని లేదు, మా పెదనాన్న కొట్లో పాతికేళ్లుగా పరుచుకుని ఉంది.

కానీ అసలు సంగతి ఆ తర్వాతే. చీర విప్పగానే ఆమె ఏం చేస్తుంది? ముందు ధర చీటీ చూస్తుంది. కొంగు తిప్పి వెనక వైపు చూస్తుంది. అంచుని బొటనవేలితో రుద్దుతుంది. జాకెట్ గుడ్డ ఎంతుందో జానతో కొలుస్తుంది. ఆఖరికి చీరని చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి ఎండలో చూస్తుంది, ఎందుకంటే ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెబుతుందని ఆమెకి తెలుసు. పెదనాన్న వీటిలో ఒక్కదానికీ అడ్డు చెప్పడు. ఆ దుప్పటి తెల్లగా ఉన్నది ఇవన్నీ చేసుకోవడానికే.

నా సైటులో తెల్ల దుప్పటి ఉంది. కొంగు తిప్పి చూసే వీలు లేదు, ధర చీటీ లేదు, గుమ్మం దగ్గరి ఎండ లేదు. చీరని అద్దాల పెట్టెలో పెట్టి, తాకొద్దని బోర్డు పెట్టినట్టు చేశాను.

అందుకే నా అభిప్రాయం ఇప్పుడిది. పేజీలోంచి ఒక వస్తువు తీసేముందు అది ఎవరిదో అడగాలి. తిరిగే దీపం మనది, మన సరదా. పాప్-అప్ మనది, మన ఆత్రం. పరిగెత్తే ఆఫర్ మనది. స్క్రీన్ నిండా ఫోటో కూడా మనదే, మన పోర్ట్‌ఫోలియో కోసం. ఇవన్నీ నిర్దాక్షిణ్యంగా తీసెయ్యొచ్చు. ధర, కొలత, నూలు, ఉతికే పద్ధతి, వెనక్కి ఇచ్చే షరతు, ఫోన్ నంబరు... ఇవి కొనే మనిషివి. వాటి మీద చెయ్యి వేసే హక్కు మనకి లేదు.

'తక్కువ చూపిస్తే ఎక్కువ కొంటారు' అని సూత్రంలా వల్లించేవాళ్లకి ఒక మాట. దీనికి అందరూ చెప్పే ఆధారం 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ప్రచురించిన జామ్ సీసాల ప్రయోగం. బల్ల మీద 24 రకాలు పెడితే ఆగిన వాళ్లలో 3 శాతం కొన్నారు, 6 రకాలే పెడితే 30 శాతం కొన్నారు. బానే ఉంది. కానీ అక్కడ తగ్గించింది రకాలనే. ప్రతి సీసా మీదా చీటీ అలాగే ఉంది, రుచి చూడనిచ్చారు కూడా. పైగా 2010లో ఇలాంటి ప్రయోగాలు చాలా కలిపి చూస్తే, సగటున ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. మా పెదనాన్న కూడా వేల చీరలని పాతిక చేస్తాడు. అందులో ఏ చీరకీ ధర చీటీ మాత్రం చింపడు.

ఖాళీ వల్ల నష్టపోయేది ఎవరు?

ఇక్కడిదాకా చదివి "సరేలే, ఒక వెబ్‌సైటు గొడవ" అనుకోవచ్చు. నేనూ అట్టాగే అనుకున్నా, ఒక ఫోన్ కాల్ దాకా.

సైటు మళ్లీ చేద్దామని కూర్చున్నాక ఒక్కో చీర గురించి నాలుగు వాక్యాలు రాయాల్సొచ్చింది. రాయడానికి నాకేం తెలుసు? నా మొదటి డిజైన్లో ఆ చోట 'లోరెమ్ ఇప్సమ్' ఉండేది. దాన్ని నింపాల్సిన రోజు వచ్చినప్పుడు, నింపే బదులు ఆ చోటునే తీసేశాను. మినిమలిజం పేరుతో నేను తప్పించుకున్న పని అదీ. సిగ్గుగా ఉంది గానీ, నిజం.

అక్క నంబరిచ్చింది. మంగళగిరిలో మాకు చీరలు నేసే ఆయనకి ఫోన్ చేశాను. ఏ నంబరు నూలు, ఏ మగ్గం, ఎన్ని రోజులు అని అడుగుతూ పోయాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. గుంట మగ్గం. పడుగుకీ పేకకీ నూలే, అంచులో జరీ. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుడితే ఈయన నేస్తాడు. చివర్లో ఒక మాట అన్నాడు: "బాబూ, ఇదంతా ఎవరూ అడగరు. మరమగ్గం చీర ఫోటోలో ఇంకా నున్నగా కనపడుద్ది."

అప్పుడు నా తెల్ల పేజీ మళ్లీ కళ్లముందుకొచ్చింది. మగ్గం చీర, మరమగ్గం చీర రెండిటినీ తెల్ల నేపథ్యం మీద పెట్టి, కింద పేరు మాత్రం రాస్తే ఏం తేడా కనబడుతుంది? ఏమీ కనబడదు. కనబడేది ధర ఒక్కటే. ఒకటి ఎనిమిది వందలు, ఇంకోటి రెండు వేల చిల్లర. అప్పుడు ఎనిమిది వందలదే కొంటారు, కొనడం తెలివైన పని కూడా. ఆ మిగతా పన్నెండొందలు ఎక్కడికి పోతున్నాయో మనం చెప్పలేదు కదా.

చెయ్యి నేతని కాపాడ్డానికి 1985లో పార్లమెంటు చట్టం చేసింది, కొన్ని రకాల గుడ్డ చేనేతకే కేటాయించింది. వాటిలో చీర ఉంది. 2006లో 'హ్యాండ్లూమ్ మార్క్' తెచ్చారు, చేనేత అని గుర్తించడానికి. మంగళగిరి చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివాళ్లు కలిపి 35 లక్షల పైచిలుకు. ఇన్ని చట్టాలు, గుర్తులు, గుర్తింపులు ఎందుకు? తేడా కంటికి కనపడదు కాబట్టి, ఎవరో ఒకరు రాసి చెప్పాలి కాబట్టి. ఆ రాసే చోటు నా డిజైన్‌కి అడ్డొచ్చిందని నేను కత్తిరించాను. ఆ ఖాళీ ఖరీదు కట్టింది నేను కాదు.

మంగళగిరి చీరనే చూడండి. చీర ఒంట్లో పువ్వుండదు, బుటా ఉండదు. ఒకే రంగు, సాదా నేత. పనితనమంతా అంచులో ఉంటుంది. నిజాం అంచు అని పేరున్న ఆ చిన్న చిన్న గోపురాల వరస చూసే అది మంగళగిరిదని ఊరూవాడా గుర్తుపడతారు. ఇంతకు మించిన మినిమలిస్టు డిజైను నేనింకా చూడలేదు. సాదాగా ఉండాల్సిన చోట సాదాగా ఉంది, చెప్పాల్సిన చోట గట్టిగా చెప్పింది. ఆ అంచు కూడా తీసేస్తే మిగిలేది ఐదున్నర మీటర్ల గుడ్డ. ఏ ఊరిదో, ఎవరు నేశారో దానికే తెలియదు.

రెండోసారి

రెండోసారి చేసిన సైటు కూడా తెల్లగానే ఉంది. పాప్-అప్‌లు లేవు, దీపం లేదు. కానీ కొన్ని మార్చాను. మీలో ఎవరైనా ఇలాంటి పని చేస్తుంటే పనికొస్తాయని చెబుతున్నాను.

ధర ఫోటో కిందే, నొక్కకుండా కనబడుతుంది. ప్రతి చీరకీ నాలుగు ఫోటోలు: మొత్తం చీర, అంచు దగ్గరగా, కొంగు వెనక వైపు, కొట్టు గుమ్మం దగ్గర పగటి వెలుతురులో ఒకటి. నాలుగూ వెబ్‌పీలోకి మార్చి, తెరకి సరిపడా తగ్గిస్తే, కలిపి కూడా నా పాత ఒక్క ఫోటో కంటే తేలిక. కిందికి జరిపినప్పుడే మిగతావి దిగుతాయి.

మూడు గీతల మెనూ తీసేశాను. అందులో ఉన్నవి నాలుగే నాలుగు మాటలు: చీరలు, కుర్తాలు, గుడ్డ, మా ఫోను. నాలుగు మాటల్ని మూడు గీతల వెనక దాచడంలో అర్థమేంటో నాకిప్పటికీ తెలీదు.

అక్షరాల రంగు మార్చాను. మొదటిసారి వాడింది #999999, డిజైనర్ల ముద్దుల బూడిద రంగు. తెల్ల పేజీ మీద దాని కాంట్రాస్టు 2.85. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ మీద అది నాజూగ్గా ఉంటుంది. మే నెలలో పొదిలి బస్టాండులో, గీతలు పడ్డ ఫోను మీద, నలభై దాటిన కళ్లతో చూస్తే అది తెల్ల కాయితమే. పెదనాన్న ఫోను దూరంగా, దగ్గరగా పెట్టుకున్నది అందుకేనని అప్పుడు అర్థమైంది.

తెలుగు పెట్టాను. మొదటి డిజైన్లో తెలుగు లేదు, "ఫారిన్ లుక్ పోతుంది" అని. పెట్టాక ఇంకో సంగతి బయటపడింది. ఇంగ్లిషు కోసం బిగించిన వరసల్లో తెలుగు ఇమడదు. 'వస్త్రం' అని రాస్తే కింద రెండు ఒత్తులు తెగిపోయాయి. మన లిపికి కిందా పైనా చోటు కావాలి. వరసల మధ్య ఖాళీ పెంచాక పేజీ నిజంగా హాయిగా కనబడింది. ఖాళీ స్థలం ఎక్కడ పెట్టాలో నాకు చివరికి ఒత్తులు చెప్పాయి.

ఆఖరుది, ప్రతి చీర కింద నాలుగు వాక్యాలు. ఎక్కడ నేసింది, ఏ మగ్గం, ఏ నూలు, ఎలా ఉతకాలి. 'అద్భుతమైన', 'రాజసం ఉట్టిపడే' లాంటి మాటలు ఒక్కటి కూడా లేవు. అసలు మినిమలిజం అక్కడ పాటించాను.

అమ్మకాలు ఎంత పెరిగాయని అడుగుతారు. చిన్న బ్రాండు, కొద్ది వారాలు, దాని మీద శాతాలు చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. ఒక్క మార్పు మాత్రం అక్క చెప్పింది. ఇదివరకు ఫోన్ చేసి "ఎంత?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "ఇదే అంచుతో ఆకుపచ్చ ఉందా?" అని అడుగుతున్నారు. మొదటిది చీర ఏంటో తెలియనివాళ్ల ప్రశ్న. రెండోది చూసి, చదివి, సగం కొనేసిన వాళ్ల ప్రశ్న.

క్లాస్ గ్రూపులో ఈసారి స్క్రీన్‌షాట్ పెడితే పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు "ముందుదే బాగుంది మామా" అన్నాడు. వాడికి చీర కొనే ఉద్దేశం లేదు, ఏం చేస్తాం.

మిత్రులారా, మనలో చాలామంది వచ్చే సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్టుకి ఏదో ఒక సైటు రీడిజైన్ చేస్తారు. ఫిగ్మా తెరిచేముందు ఒక్క రోజు ఆ కొట్టుకెళ్లి కూర్చోండి. వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో ఒక కాయితం మీద రాసుకోండి. ఆ కాయితం మీద ఉన్నవాటికి పేజీలో చోటివ్వండి, లేనివి కొట్టెయ్యండి. అంతకంటే పెద్ద డిజైను సూత్రం నా దగ్గర లేదు.

పెదనాన్నకి కొత్త సైటు చూపించాను. ఈసారి ఫోను చేతిని చాచి పట్టుకోలేదు. మామూలుగా పట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి జరిపి, మంగళగిరి చీర దగ్గర ఆగాడు. కొంగు వెనక వైపు ఫోటో పెద్దది చేసి చూశాడు. తర్వాత అలవాటుగా తెర మీద అంచుని బొటనవేలితో ఒకసారి రుద్దాడు.